సింహాచలం అప్పన్న శివలింగంలా ఉన్నాడేంటని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

అది శివలింగం కాదు, వరాహ లక్ష్మీనరసింహ స్వామి విగ్రహం మీద మందంగా పూసిన చందనం అని సూటిగా చెప్పేయండి. పుట్టలో దొరికిన స్వామిని ఏడాదంతా చందనంతో కప్పి ఉంచమని పురూరవ చక్రవర్తికి ఆకాశవాణి చెప్పిందని స్థలపురాణం. ఉగ్రరూపాన్ని చల్లబరచడానికేనని పెద్దల మాట. ఏటా అక్షయ తృతీయ నాడు మాత్రం పూత తీసి నిజరూప దర్శనం కల్పిస్తారు. లోపల వరాహ ముఖం, మనిషి శరీరం, సింహం తోక! పిల్లలకు బాగా నచ్చే సంగతి ఇదే.

మాటలతో అర్థం కాకపోతే, ఇంట్లో చిన్న వినాయకుడి బొమ్మకు వాళ్ల చేతే పొరలు పొరలుగా గంధం పూయించండి. కాసేపటికి తొండం, చేతులు కనబడకుండా పోయి నున్నటి ముద్ద మిగులుతుంది.

రోజూ కొత్త చందనం పూస్తారనుకోవడం కూడా పొరపాటే. నిజరూప దర్శనం అయ్యాక ఆ రోజు, ఆపై వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు, మొత్తం 4 విడతల్లో, విడతకు 3 మణుగుల (వంద కిలోలకు పైనే) చొప్పున సమర్పిస్తారు. మరుసటి ఏడాది అక్షయ తృతీయ నాటి చందనోత్సవం దాకా అదే ఉంటుంది.