డాక్టర్ సలహా: ‘గుజ్జు’ పోయిన మోకాలికి సొంత కణాలు ఎప్పుడు నాటవచ్చు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 34. మాది గీసుగొండ మండలం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేస్తాను. రెండేళ్ల కిందట మిర్చి బస్తాతో లారీ ఎక్కుతుంటే కాలు జారి కుడి మోకాలు మెలిపడింది. అప్పటి నుంచి మెట్లు దిగితే నొప్పి, సాయంత్రానికల్లా వాపు వస్తున్నాయి. తొడ ఎముక చివర లోపలి వైపు 18 × 16 మిల్లీమీటర్ల మేర కార్టిలేజ్ పూర్తి మందాన ఊడిపోయిందని, లిగమెంట్లు బాగానే ఉన్నాయని ఎంఆర్ఐ రిపోర్టులో రాశారు. నా ఒంట్లోని కణాలతోనే గుజ్జు మళ్లీ పెంచవచ్చని ఒకచోట చెప్పారు. ఇది నిజమేనా? మా అమ్మకు 62 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగి దొడ్డికాళ్లు వచ్చాయి. ఆమెకూ ఇదే చేయించవచ్చా?

జవాబు: మీరు విన్నది నిజమే. మీ మోకాలికి ఆ చికిత్స ఆలోచించదగినదే. మీ అమ్మగారి మోకాళ్లకు మాత్రం అది పనికిరాదు.

ముందుగా ‘గుజ్జు’ అనే మాట గురించి చెప్పాలి. మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది దీన్ని బండి బేరింగులో వేసే గ్రీజులాంటిదిగా ఊహించుకొని, అయిపోతే సూదితో నింపవచ్చు కదా అని అడుగుతారు. నిజానికి అది ఎముక కొసలను అంటిపెట్టుకొని ఉండే నున్నటి తెల్లని పొర. మీ రిపోర్టులో కార్టిలేజ్ అన్నది దీన్నే, తెలుగులో మృదులాస్థి. మోకాలిలో దాని మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లే. ఆర్థ్రోస్కోపీ, అంటే సన్నని రంధ్రం గుండా కెమెరా పెట్టి కీలు లోపల చూసే పరీక్ష చేసేటప్పుడు చిన్న కొక్కెంతో నొక్కి చూస్తే ఆరోగ్యంగా ఉన్న పొర కొంచెం అణిగి వెంటనే పైకి లేస్తుంది. మీలాంటి దెబ్బ ఉన్నచోట ఆ కొక్కెం అంచు దాటగానే గుంతలోకి జారి, కింద ఎముకను గీరుకుంటుంది. ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. అధిక భాగం నీరే, కణాలు బహు కొద్ది. చర్మం తెగితే రక్తం చేరి మానుతుంది కానీ ఇక్కడ ఆ అవకాశమే లేదు. మృదులాస్థి ఒకసారి చెడితే తిరిగి కోలుకోదని లండన్ శరీరశాస్త్రవేత్త విలియం హంటర్ 1743లోనే రాశారు.

ఈ అడ్డంకిని దాటడానికి పుట్టిన పద్ధతి నారు పోసి నాటు వేయడం లాంటిది. మొదటిసారి ఆర్థ్రోస్కోపీ చేసి, మోకాలిలో బరువు పడని అంచు నుంచి చిన్న ముక్క, అంటే 200 నుంచి 300 మిల్లీగ్రాముల మృదులాస్థి తీస్తారు. దానిలోని కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచితే లక్షల నుంచి కోట్ల సంఖ్యకు చేరతాయి. రెండో ఆపరేషన్‌లో గుంత అంచులను గట్టి పొర తగిలేదాకా శుభ్రం చేసి, అడుగున ఎముక నుంచి రక్తం ఊరకుండా జాగ్రత్తపడి, ఆ కణాలను పలుచని కొల్లాజెన్ పొర మీద పరచి గానీ, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీన్) జిగురుతో కలిపి గానీ అందులో నింపుతారు. జిగురు కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. సర్జన్ బల్ల మీదే మోకాలిని పలుమార్లు వంచి, చాచి, అది కదలడం లేదని చూసుకున్నాకే కుట్లు వేస్తాడు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1987లో తొలి రోగికి ఇలా చేశారు. మొదటి 23 మంది ఫలితాలు 1994లో ప్రచురితమయ్యాయి. వారిలో తొడ ఎముక చివర దెబ్బ ఉన్న 16 మందిలో 14 మందికి మంచి ఫలితం రాగా, మోకాలిచిప్ప వెనుక దెబ్బ ఉన్న ఏడుగురిలో ఇద్దరికే వచ్చింది. మీ గుంత తొడ ఎముక మీద ఉండటం, దాని వైశాల్యం దాదాపు 3 చదరపు సెంటీమీటర్లు కావడం, మీ వయసు, ఈ మూడూ మీకు అనుకూలమే.

అయితే మడి సరిగా లేకుండా నాటు వేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మీ కాలు తుంటి నుంచి చీలమండ వరకు నిటారుగా ఉందో లేదో నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే ఇందుకు చాలదు. కాలు కొద్దిగా దొడ్డిగా ఉన్నా ఒంటి బరువంతా దెబ్బ తగిలిన లోపలి భాగం మీదే పడుతుంది కాబట్టి, ముందుగా గానీ అదే సమయంలో గానీ కింది ఎముకను కోసి వరుస సరిచేయవలసి రావచ్చు. మోకాలిలో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ సంగతి మీరు రాయలేదు. అది ఎంత మిగిలి ఉందో, గుంతకు ఎదురుగా కింది ఎముక మీద కూడా పొర పాడయిందో రిపోర్టుతో సరిపెట్టుకోకుండా ఫిల్ములు చూసే సర్జన్‌నే అడగండి. బీడీ, సిగరెట్ అలవాటుంటే మానేయాలి. పొగ తాగేవారిలో ఈ చికిత్స సరిగా పట్టదు.

దీనికంటే చౌక మార్గం మైక్రోఫ్రాక్చర్. గుంత అడుగున ఎముకకు సన్నని రంధ్రాలు చేస్తే మూలుగ నుంచి రక్తం ఊరి, గుంత ఒకరకం మచ్చ కణజాలంతో పూడుకుంటుంది. చిన్న గుంతలకు ఇది చాలు. 3 చదరపు సెంటీమీటర్లు, అంతకు మించిన గుంతలున్న 144 మందిపై జరిగిన అధ్యయనంలో రెండేళ్ల తర్వాత కణాలు అమర్చినవారే మెరుగ్గా ఉన్నారు. కానీ నార్వేలో 80 మందిని సుమారు 15 ఏళ్లు గమనించినప్పుడు రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కణాలు నాటడమే అన్నివిధాలా గెలిచిన చికిత్స అని ఎవరైనా చెబితే ఈ రెండో సంగతి కూడా వారిని అడగండి.

మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది ఆపరేషన్ కాదు, దాని తర్వాతి ఏడాది. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు చంకకర్రలతో, కాలి మీద కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ నడవాలి. నాటిన పొర మొదట మెత్తగా ఉంటుంది, గట్టిపడటానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. నొప్పి మాత్రం అంతకు చాలా ముందే తగ్గిపోతుంది, చిక్కంతా అక్కడే. నొప్పి లేదు కదా అని బస్తా ఎత్తినవారు చేజేతులా దాన్ని ఊడగొట్టుకుంటారు. మిర్చి సీజన్ ముగిశాక జూన్‌లో చేయించుకున్నా, మళ్లీ జనవరి, ఫిబ్రవరిల్లో యార్డుకు సరుకు వచ్చేనాటికి మీకు ఏడెనిమిది నెలలే అవుతాయి. అంటే ఒక సీజన్ పూర్తిగా వదులుకోవాలి. కాంటా దగ్గర గానీ చీటీలు రాసే చోట గానీ కూర్చొని చేసే పని దొరుకుతుందేమో ముందే మాట్లాడుకోండి. అలా కుదరకపోతే ఆపరేషన్‌ను వాయిదా వేయడమే మేలని నా అభిప్రాయం. ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, కణాలను పెంచే ప్రయోగశాలకు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఉందో లేదో కాగితం మీద చూసుకొని, ఆ తర్వాతే డబ్బు కట్టండి.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆమెకు ఒకచోట గుంత పడలేదు. పొర అంతటా అరిగింది, కాళ్లు కూడా వంగాయి. నాటడానికి అక్కడ చుట్టూ గట్టు లేదు. ఆ వయసులో మూలకణాల ఇంజెక్షన్‌తో గుజ్జు పెంచుతామని చెప్పేవారు మీకు ఎదురుకావచ్చు. అది నేను పైన వివరించిన చికిత్స కాదు. మోకాలి అరుగుదలకు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేని మూలకణాలను, అనుమతి పొందిన పరిశోధనలో తప్ప, మామూలు వైద్యంగా ఇవ్వరాదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధనలో చేరినవారి దగ్గర దానికి డబ్బు తీసుకోరు. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, ఎక్కువ నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేతిలో ఊతకర్ర, నేల మీద బాసింపట్టు మాని కుర్చీ, మరుగుదొడ్డికి కమోడ్, వీటితో మూడు నెలలు చూడండి. అప్పటికీ రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే మోకీలు మార్పిడి గురించి ఆలోచించవచ్చు. 62 ఏళ్లు అందుకు తగిన వయసే.

మీరు ఈలోగా గొంతుకూర్చోవడం, ఎత్తు నుంచి దూకడం మానండి. రోజూ రెండు పూటలా మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకొని, దాన్ని నేలకు అదిమి పట్టి పది లెక్కపెట్టి వదలండి. ఇలా పదిహేను సార్లు చేస్తే తొడ ముందు కండరం బలపడుతుంది. మోకాలు వంచాక మధ్యలో బిగుసుకుపోయి చాచలేకపోతే ఊడిన ముక్క అడ్డుపడినట్టు కావచ్చు. అప్పుడు మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు ఎంజీఎం ఆసుపత్రికైనా, దగ్గరలోని ఆర్థోపెడిక్ సర్జన్ వద్దకైనా వెళ్లండి.

— ఆర్థోపెడిక్ సర్జన్, హనుమకొండ