నీ పొగాకు పుస్తకం గురించి

ఒంగోలు

చిన్నమ్మడూ,

నీ రాతప్రతి మూడు రాత్రులు కూర్చుని చదివా. ఈ వయసులో కళ్లు పోగొట్టుకుంటారా అని మీ అత్తయ్య సణుగుతానే రెండోసారి కాఫీ తెచ్చింది.

సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి పంపొచ్చా అనడిగావు. పంపు. పురస్కారం ఇచ్చే ఏడు జనవరి 1 నాటికి 35 దాటకూడదు, నీకింకా ఆరేళ్లుంది. 50 వేలు, తామ్రఫలకం. అకాడమీ ఏటా ఇచ్చే పెద్ద పురస్కారానికైతే లక్ష, దాని లెక్క వేరు. ముందటేడు వదిలేసి, దానికి వెనక అయిదేళ్లలో మొదటిసారి అచ్చయినవే చూస్తారు. 2024కి 2018 నుంచి 2022 దాకా వచ్చినవి. అందుకని ప్రెస్సుకిచ్చేటప్పుడు లోపలి పేజీలో మొదటి ముద్రణ నెలా, ఏడూ ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. నా కథల పుస్తకంలో అవి పడలేదు. ఒక పోటీకి పంపితే ఎప్పటిదో తేలక తిరిగొచ్చింది. రబ్బరు స్టాంపు చేయించి, ఇంట్లో మిగిలిన నాలుగొందల కాపీల మీదా నేనే గుద్దుకున్నా.

కథ కాకపోతే ఇస్తారా అని బెంగపడబాక. తెలుగులో మొట్టమొదటి అకాడమీ పురస్కారం, 1955లో, సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కే వచ్చింది. 2019లో ‘శప్తభూమి’ నవలకిచ్చారు, 2024లో ‘దీపిక’ విమర్శకిచ్చారు. భాషకొకటే గనక నవలా, కవిత్వం, విమర్శ అన్నీ ఒకే బరిలో దిగాల్సిందే.

అసలు చిక్కు వేరే ఉంది. డిగ్రీ కోసం రాసింది పెద్ద పురస్కారానికి పనికిరాదని నిబంధన. నీ రెండో అధ్యాయం ఇంకా థీసిస్సే. నిబంధన అటుంచు, చదవడానికే ఎండిన ఆకులా గరగరలాడుతోంది. కూలి రేట్ల పట్టికలు ఏడు పేజీలు! మీ అమ్మ, మా అక్క, టంగుటూరులో పొగాకు ఆకు రకాలుగా వేరుచేసే గ్రేడింగుకి పోయొచ్చి, అన్నం కలిపేముందు చింతపండుతో చేతులు రుద్దుకునేది. ఎంత రుద్దినా జిగురు గోళ్ల సందుల్లోనే ఉండేది, ముద్ద చేదెక్కేది. నువ్వు ఆమె చేత్తో తిననని మారాం చేసేదానివి. అదంతా 112వ పేజీ అడుగున, చిన్నక్షరాల్లో పడేశావు. దాన్ని మొదటి పేజీకి తే. పట్టికల్లో ఒక్కటి ఉంచు, చాలు.

ఇంకోటి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాలిన రాత్రి మీ తాత చేత అరపేజీ మాట్లాడించావు. అప్పటికి నువ్వు పుట్టలా, నేనక్కడే ఉన్నా. ఆకు రాలి లోపలి వేడి గొట్టం మీద పడి అంటుకుంది. నాన్న ఒక్క మాటా అనలేదు. బీడీ నోట్లో పెట్టుకుని, అగ్గిపెట్టె తీసి, మళ్లీ జేబులో వేసుకున్నాడు. ఆ మాటలు నీకంత ఇష్టమైతే విడిగా కథ రాసుకో, ఈ పుస్తకంలో మాత్రం కొట్టెయ్.

శనివారం రా. పొద్దున బస్సుకైతే సాయంత్రానికి రెండో అధ్యాయం తేలుస్తాం. పట్టికలు మోసుకురాబాక.

మీ మామయ్య