రాత చిన్నదవుతోందా? ముందు గ్యాస్ మాత్ర పేరు చూడండి

ప్రశ్న: వయసు 54. అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో పద్దులు రాస్తాను. ఏడాదిగా అప్పుల బెంగ. ముత్యాల్లాంటి రాత చిన్నదైపోయింది, బ్యాంకులో సంతకం కలవడం లేదు. కంగారు వల్లేనా? కాపీ రాస్తే బాగవుతుందా? గ్యాస్‌కి, నిద్రకి మందుల షాపులో అడిగి మాత్రలు వాడుతున్నాను.

డాక్టర్ సలహా: బెంగ రాతను మారుస్తుంది, నిజమే. పెన్ను బిగించి పట్టి అదిమి రాస్తాం, కాగితం వెనక తడిమితే గీతలు తగులుతాయి. సున్నాలు, గుడులు వణుకుతాయి. పక్కన ఎవరైనా చూస్తుంటే ఆ వణుకు ఎక్కువ, ఒంటరిగా రాసుకుంటే తక్కువ. కానీ మీరు చెప్పింది వణుకు కాదు, అక్షరం చిక్కిపోవడం. వరస మొదట్లో బాగానే ఉండి చివరికొచ్చేసరికి కుంచించుకుపోతుంటే పార్కిన్సన్స్ (ఒంటి కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) లక్షణమేమో చూడాలి. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతోందా? నడుస్తుంటే ఒక చెయ్యి ఊగడం లేదా? మిమ్మల్ని చూడకుండా ఖాయంగా చెప్పలేను.

నా అనుమానమంతా ఆ గ్యాస్ మాత్ర మీదే. స్ట్రిప్ వెనక లెవోసల్పిరైడ్ అని ఉందేమో చదవండి. అసిడిటీ మందులు పాంటాప్రజోల్, రాబెప్రజోల్‌తో కలిపి అమ్మే కొన్ని క్యాప్సూల్స్‌లో ఇది ఉంటుంది. మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. నెలల తరబడి మింగితే కొందరికి అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఒళ్లు నెమ్మదించి రాత చిన్నదవుతుంది. కళ్లు తిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ కూడా అంతే. కారణం మందే అయితే, ఆపాక చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. చీటీ లేకుండా ఇన్నాళ్లు ఎలా మింగారండీ? నిద్రమాత్ర అల్ప్రాజోలం లాంటిదైతే మాత్రం సొంతంగా ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన లెక్కలో మెల్లగా తగ్గించాలి.

ఈ రాత్రే రూళ్లు లేని తెల్లకాగితం మీద ఒకే వాక్యం పదిసార్లు రాయండి. కింద, చెయ్యి బల్లకు ఆనించకుండా, నత్తగుల్లలా ఒక చుట్ట గీసి తేదీ వేయండి. రెండేళ్ల కిందటి పద్దుల పుస్తకం, మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకుని ఈ వారంలోనే అమలాపురంలో ఫిజీషియన్‌ను కలవండి. ఆయన అవసరమంటే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో న్యూరాలజీకి వెళ్లండి.

రాత ఒక్క పూటలో పాడైనా, మాట తడబడినా, మూతి వంకరపోయినా వెంటనే 108. అది పక్షవాతం కావచ్చు, మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

కాపీ రాయడం తప్పేం కాదు, వెడల్పు రూళ్ల మధ్య పైగీతకు తగిలేలా పెద్దగా రాయండి. బ్యాంకులో కొత్త నమూనా సంతకం, కారణం తేలాక ఇవ్వండి.