జ్యూసా, స్మూతీనా? మేనకోడలికి ఒక ఉత్తరం

నెల్లూరు

చి॥ల॥సౌ॥ అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆటోలో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. మీ ఆయనకు షుగర్ బోర్డర్‌లో ఉందన్నారని, పొద్దున టిఫిన్ మానిపించి జ్యూసులు మొదలుపెట్టాలా, పండంతా మిక్సీలో చిక్కగా కొట్టే స్మూతీలా అని అడిగావు. జ్యూసర్‌కి డబ్బు కూడా తీసి పెట్టానన్నావు. ఆ డబ్బు అలాగే ఉంచు.

బస్టాండు దగ్గర ఇరవై ఆరేళ్లు జ్యూసు కొట్టు నడిపినవాణ్ణి. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు కాయలు పడతాయి, చిన్నవైతే నాలుగు. మిషన్‌లో వేసి, వడగట్టి, పొద్దున్నే కాచి పెట్టుకున్న పంచదార పాకం కాస్త పోసి ఇస్తే, బస్సు హారన్ కొట్టేలోపు మనిషి గటగటా తాగేసి వెళ్లిపోయేవాడు. అవే మూడు కాయలు వలిచి తొనలు చేతిలో పెట్టి చూడు, ఒకటిన్నర తినేసరికి ఇక చాలంటాడు. రాత్రి కొట్టు కట్టేసే వేళకు బకెట్ నిండా పిప్పి మిగిలేది, ఎండాకాలంలో రెండు బకెట్లు. గేదెలున్న ఒకాయన తెల్లారుజామున సైకిల్ మీద వచ్చి పట్టుకెళ్లేవాడు. పండులోని పీచు దాదాపు అంతా ఆ బకెట్‌లోనే పోతోందని నాకు తెలియదు. నలభై ఎనిమిదో ఏట షుగర్ వచ్చి, డాక్టరు కూర్చోబెట్టి చెబితేనే తెలిసింది. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయే తీరిక లేక, పళ్ల రసమే కదా అని రోజూ రెండు పెద్ద గ్లాసులు తాగి సరిపెట్టుకున్నాను, ఏళ్ల తరబడి. షుగర్ రావడానికి అదొక్కటే కారణమనను, మన ఇంట్లో చాలామందికి ఉంది. కానీ నా వంతు నేను తోడు చేసుకున్నాను. మీ ఆయన ఆ దారిలో పోకూడదనే ఇంత రాస్తున్నాను.

పీచు ఉంటే తీపి రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది, తీసేస్తే ఒక్కసారిగా ఎక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో పంచదార తగ్గించమని చెప్పినప్పుడు, పళ్ల రసంలోని సహజమైన తీపిని కూడా ఆ లెక్కలోనే వేసింది. కోసుకుని తినే పండులోని తీపిని మాత్రం వెయ్యలేదు. పాకం పొయ్యకుండా తీసిన రసానికీ ఇదే వర్తిస్తుంది. "చక్కెర వెయ్యలేదు, ఏం కాదులే" అనుకోవద్దు.

రెండింటిలో ఏదో ఒకటి అంటావా, అయితే స్మూతీ. పండంతా మిక్సీ జార్‌లోనే ఉంటుంది గనుక పీచు ఎక్కడికీ పోదు. దానికి వేరే మిషన్ అక్కర్లేదు, నీ మిక్సీ చాలు. అయితే నమిలే పని లేకపోవడంతో ఎంత తాగామో తెలియదు, అక్కడే జాగ్రత్త పడాలి. రెండు అరటిపళ్లు, ఒక మామిడిపండు, నాలుగు ఖర్జూరాలు, పైన తేనె, ఐస్‌క్రీమ్ వేసి పెద్ద గ్లాసు నింపితే దాన్ని మిఠాయి కింద లెక్కెయ్యాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క రోజుకు నాలుగు వందల గ్రాముల కూరగాయలు, వంద గ్రాముల పండ్లు. వంద గ్రాములంటే ఒక మోస్తరు జామకాయ. కూరలకు నాలుగింతలు చోటిచ్చారు చూడు, నువ్వు పళ్ల గురించే ఆలోచిస్తున్నావు.

నేను ఇప్పుడు చేసుకునేది రాస్తాను. సగం అరటిపండు, నాలుగు బొప్పాయి ముక్కలు, ఒక కప్పు పుల్లనిది కాని పెరుగు, ఒక చెంచా వేయించి పొడి కొట్టిన అవిసెగింజలు. నీళ్లు కొంచెమే, పంచదార వద్దు. టీ గ్లాసు కంటే కాస్త పెద్ద గ్లాసులో పోసుకుని, చెంచాతో తింటాను. బొప్పాయి పాలల్లోనో పెరుగులోనో నిలవుంటే చేదెక్కుతుంది, అందుకని చేసిన వెంటనే అయిపోవాలి. ఇది టిఫిన్‌కి బదులు కాదు, రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో తగ్గించుకుని పక్కన పెట్టుకునేది. టిఫిన్ మానిపించే ఆలోచన మాత్రం మానుకో, పదకొండింటికి ఆకలికి ఆగలేక బజ్జీల బండి దగ్గరికి పోతాడు.

జ్యూసును అసలు వద్దనడం లేదు. మందులు వేసుకునేవాళ్లకు షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికితే అరగ్లాసు రసం తాగించాలి. పీచు లేకపోవడమే అప్పుడు పనికొస్తుంది, గబగబా ఎక్కుతుంది. ఎండలకు మన పొదలకూరు నిమ్మకాయ ఉండనే ఉంది, నీళ్లలో పిండి చిటికెడు ఉప్పు వేసుకోండి. పలచటి మజ్జిగైతే ఇంకా మంచిది. బయట తాగాల్సి వస్తే ఐస్ వద్దని ముందే చెప్పమను. మన తీరంలో రొయ్యలకూ చేపలకూ వేసే ఐస్ గడ్డలు ఎక్కడెక్కడికో పోతాయి, అది తాగడానికి చేసింది కాదు.

మీ అత్తగారికి రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుందన్నావు, అంటే కిడ్నీలు సరిగ్గా పనిచెయ్యడం లేదేమో. ఆమెకు జ్యూసైనా స్మూతీ అయినా కొబ్బరినీళ్లైనా కిడ్నీ డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు. అరటిలో, బత్తాయిలో, కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది ఆమె ఒంట్లో నిలవుంటే గుండెకే ప్రమాదం. ఇది మాత్రం మరిచిపోవద్దమ్మా. చంటివాడికి ఏడాదిన్నరే గదా, రెండేళ్ల లోపు పిల్లలకు జ్యూసు వద్దనే పిల్లల డాక్టర్లు చెబుతున్నారు. పండు మెత్తగా చిదిమి పెట్టు, వాడే చేత్తో తీసుకుని తింటాడు.

వచ్చే ఆదివారం ఒంగోలు వస్తున్నాను. దారిలో ఉలవపాడు దగ్గర దిగి సపోటాలు తెస్తాను. కాయలు గట్టిగా ఉంటే రెండు మూడు రోజులు బియ్యం డబ్బాలో పెట్టు. పండాక మనిషికి ఒకటి చొప్పున కోసివ్వు, మిక్సీ తియ్యకుండా.

మీ మామయ్య