పాఠకుల ప్రశ్నలు: వరి మొవ్వులో ఏ కణం ఏం చేస్తోంది?

ప్రశ్న: కాట్రేనికోన వైపు ఉప్పునీరు ఎక్కే చేలను దృష్టిలో పెట్టుకుని, ఉప్పు పెట్టిన స్వర్ణ నారు నుంచి లేత ఆకు కణాలను ఎంజైములతో విడదీశాం. ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూడాలని ప్రయత్నం. సగం కణాలు పగిలిపోయాయి. మిగిలినవాటిలో, ఉప్పు పెట్టని నారులో కూడా, ఒత్తిడి జన్యువులే జోరుగా కనిపిస్తున్నాయి. ఎందుకు?
– పరిశోధక విద్యార్థిని, అమలాపురం

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. ముందు పగలడం సంగతి. కణకవచం కరిగాక మిగిలేది పల్చటి పొరే. చుట్టూ ద్రావణం చాలినంత చిక్కగా లేకపోతే నీరు లోపలికి తోసుకొచ్చి కణం పగులుతుంది. ద్రావణాన్ని చిక్కబరిచే మానిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్) 0.6 మోలార్ ఉండాలి, అంటే 100 మి.లీ.కి సుమారు 11 గ్రాములు. కణకవచాన్ని కరిగించే ఎంజైములు సెల్యులేజ్ ఆర్-10 1.5 శాతం, మాసరోజైమ్ ఆర్-10 0.75 శాతం, పీహెచ్ 5.7. ఆకును అర మిల్లీమీటరు పీలికలుగా కొత్త బ్లేడుతో కోయండి. మొండి బ్లేడు కోయదు, నలిపేస్తుంది. చీకట్లో, 28 డిగ్రీల దగ్గర, నిమిషానికి 40–50 తిప్పులకు మించకుండా ఊపాలి. మన ఎండాకాలంలో కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ రోజు కణాలను నమ్మొద్దు. రెండు గంటల నుంచే మైక్రోస్కోపు కింద చూస్తూ, కణాలు విడిపోగానే ఆపేయండి. 40 మైక్రాన్ల జల్లెడలో వడగట్టి, పిపెట్ కొన కత్తిరించి వెడల్పు చేసుకుని మెల్లగా తీయండి.

ఇక ఒత్తిడి జన్యువులు. గంటల తరబడి ఎంజైములో నానడమే కణానికి పెద్ద దెబ్బ. పైగా మానిటాల్ నీటిఎద్దడిలాంటి స్థితి తెస్తుంది, ఉప్పుకు స్పందించే జన్యువుల్లో చాలా వాటిని అదే లేపుతుంది. అందుకే మీ ప్రశ్నకు ఈ పద్ధతి నప్పదని నా గట్టి అభిప్రాయం. మొత్తం కణాలకు బదులు వాటి కేంద్రకాలను తీసుకోండి: ఆకును ఐసు మీద, పనిచేస్తున్న జన్యువుల నకలైన ఆర్‌ఎన్‌ఏను కాపాడే నిరోధకం కలిపిన చల్లటి ద్రావణంలో సన్నగా తరిగి వడగట్టడమే. నిమిషాల్లో అయిపోతుంది. ఈనెల చుట్టూ ఉండి ఎంజైముకు లొంగని నాళికాపుంజాల తొడుగు కణాల కేంద్రకాలూ దొరుకుతాయి. కాకపోతే కేంద్రకంలో ఆర్‌ఎన్‌ఏ తక్కువ, ఒక్కోదానిలో కనిపించే జన్యువులూ తగ్గుతాయి.

పాత డేటా పారేయకండి. అదే నారులో కొంత ఆకును కోసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, మరికొంత ఎంజైములో నానబెట్టి, రెండింటి ఆర్‌ఎన్‌ఏనూ పోల్చండి. నానినదాంట్లోనే పెరిగిన జన్యువులను పక్కనపెట్టి, మిగతా జన్యువుల పోలికను బట్టి కణాలను మళ్లీ గుంపులు కట్టండి.

ప్రశ్న: ఆకు కొన తీసుకుంటే సులువు కదా?
– అధ్యాపకుడు, పాలకొల్లు

జవాబు: వరి ఆకులో కణాలు విభజన చెందేది ఆకు అడుగున, కొనలో ఉన్నవి అన్నిటికన్నా ముదురువి. ఎదుగుదల చూడాలంటే బయటి ఆకుల తొడుగులు ఒలిచి, మొవ్వులో దాగిన లేత ఆకు అడుగుభాగమే తీసుకోవాలి.