ఆఫీసు గోడ మీద పాప ఫొటోలు: అది ‘సింప్సన్స్’ 6వ సీజన్ ఎపిసోడ్

తండ్రి ఆఫీసు బోర్డు మీద పాప ఫొటోలు అంటించే ఎపిసోడ్ ఏదని అడిగారు కదా, అది అమెరికన్ కార్టూన్ సీరియల్ ‘ద సింప్సన్స్’ 6వ సీజన్‌లో 13వది, ‘అండ్ మ్యాగీ మేక్స్ త్రీ’, 1995 జనవరి 22న వచ్చింది. మీరు పొరపాటున వెతికింది 4వ సీజన్‌లోని ‘లీసాస్ ఫస్ట్ వర్డ్’ అయ్యుంటుంది, అందులోనూ ఫ్లాష్‌బ్యాకే కాబట్టి చాలామంది రెండూ కలిపేస్తుంటారు.

కథంతా ఇంట్లో చిన్న పాప మ్యాగీ ఫొటోలు ఒక్కటీ ఎందుకు లేవన్న ప్రశ్నతో మొదలవుతుంది. తండ్రి హోమర్ అణు విద్యుత్ ప్లాంట్ ఉద్యోగం మానేసి, తనకిష్టమైన బౌలింగ్ (బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట) సెంటర్‌లో హాయిగా చేరిపోతాడు, అంతలో భార్య మార్జ్‌కి మూడో కడుపని తెలుస్తుంది, జీతం చాలక మళ్ళీ పాత బాస్ బర్న్స్ కాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ఆయన ఊరుకోకుండా ‘మర్చిపోకు, నువ్విక్కడే ఎప్పటికీ’ అని ఇంగ్లీషులో (Don't forget: you're here forever) బోర్డు కొట్టిస్తాడు (ఎంత కుళ్ళో చూడండి!). హోమర్ దాని మీద పాప ఫొటోలు అంటిస్తే, మధ్యలో మిగిలిన అక్షరాలు ‘డూ ఇట్ ఫర్ హర్’ (Do it for her) అవుతాయి, అంటే తన కోసం చెయ్యి అని.

సబ్‌టైటిల్స్ లేకపోయినా పర్లేదు గానీ ఆ బోర్డు దగ్గర మాత్రం పాజ్ చేసి చదవండి, మొదటిసారి నేను మిస్సయ్యాను.