ఏడవని మనిషికి డిప్రెషన్ రాదా?

ప్రశ్న: పాప పుట్టాక నాకు డిప్రెషన్ వచ్చి మందులతో తగ్గింది. ఇప్పుడు మావారిని చూస్తే భయమేస్తోంది. మిర్చి వ్యాపారంలో నష్టం వచ్చిన దగ్గర్నుంచి అయినదానికీ కానిదానికీ అరుస్తున్నారు. నిద్ర లేదు. రోజూ తాగుతున్నారు. ఇంటిదాకా వచ్చి గేటు బయట బండి మీదే అరగంట కూర్చుంటారు. ఛాతీ బరువంటే ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. డాక్టరుకు చూపించుకోమంటే ‘నాకేమన్నా పిచ్చా’ అంటారు. మగాడికి డిప్రెషనేంటని మా అత్తగారు కొట్టిపారేస్తున్నారు.
- ఒక గృహిణి, గుంటూరు

జవాబు: మీ అత్తగారొక్కరే కాదమ్మా, బాగా చదువుకున్నవాళ్లూ అదే మాటంటారు. డిప్రెషన్ ఆడవాళ్లలో ఎక్కువన్నది నిజమే. కాన్పు, హార్మోన్లు, తెమలని చాకిరీ, ఇంట్లో హింస, ఇలా కారణాలు చాలా. అయితే ఆడవాళ్లు ఎవరో ఒకరి దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటారు కాబట్టి జబ్బు బయటపడుతుంది. చాలామంది మగవాళ్లలో అది కోపంగా, తాగుడుగా, ఒంటి నొప్పులుగా కనిపిస్తుంది. జబ్బని ఎవరికీ తట్టదు. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లే.

చూడకుండా మీవారిది డిప్రెషనే అని నేను చెప్పలేను. కానీ మీరు రాసినవన్నీ రెండు వారాలు దాటి ఉంటే చూపించాల్సిందే. తాగి ఉన్నప్పుడు, అత్తగారి ఎదుట ఈ మాట ఎత్తకండి. ఆయన గేటు దగ్గర కూర్చున్నప్పుడు మీరే బయటికి వెళ్లండి. ‘అప్పుడు నాకూ ఇలాగే నిద్రపట్టేది కాదు, గుర్తుందా? ముందు నిద్ర సంగతి చూపిద్దాం’ అనండి. ఈసీజీ తీసిన డాక్టరు దగ్గరే మొదలుపెట్టినా సరే. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించి, అవసరమైతే ఆయనే సైకియాట్రిస్టుకు రాసిస్తారు. డాక్టరు చెబితే వినే మగవాళ్లు, భార్య చెబితే వినరు. ఏం చేస్తాం!

మీ పాత చీటీలోని మాత్రలు మాత్రం ఆయనకు ఇవ్వొద్దు. మందుల రకాలు ఇద్దరికీ అవే కావచ్చు, కానీ తాగుడు సంగతి తెలియకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, అందుకే అదీ డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కొన్నింటితో శృంగారంలో ఇబ్బంది వస్తుంది. మగవాళ్లు ఆ మాట చెప్పుకోలేక మాత్రలే ఆపేస్తారు. చెబితే మందు మార్చే వీలుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలని మీకు తెలిసిందే.

‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఈ రోజే తీయించండి. అనిపిస్తోందంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. రాత్రయినా పగలైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు (14416) ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఆయన చెయ్యి చేసుకుంటే మాత్రం జబ్బని ఓర్చుకోకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. ఈ టెన్షన్‌లో మీకూ నిద్ర చెడుతుంటే, తిరగబెట్టేదాకా ఆగకుండా మీ డాక్టరును కలవండి.